ఏడు గీతలు

ఎంత చెట్టుకు అంత గాలి అంటారు.
మా దీవిలో చెట్లు లేవు.
ఉన్నదంతా గాలే.
కారు తలుపు ఎటు తెరవాలో అదే చెబుతుంది,
మాట వినకపోతే కీలు విరిచి చేతికిస్తుంది.

అబర్డీన్‌లో ఈ కారు అమ్మినవాడు మంచివాడు,
దాచకుండా చెప్పాడు:
"పన్నెండు గీతల బ్యాటరీ, ఏడు మిగిలాయి.
వేసవిలో అరవై మైళ్ళు. చలికాలం సంగతి అడక్కండి."
అడిగాను.
"ముప్ఫై అయిదు. హీటర్ వేస్తే దేవుడి దయ."
నవ్వొచ్చింది నాకు.
ఆర్క్నీలో మా దీవి
ఈ కొస నుంచి ఆ కొసకి పదమూడు మైళ్ళు.
ఎంత దూరం పోదామన్నా
సముద్రం ముందే బ్రేకు వేస్తుంది.

నేను ఈ దీవికి నర్సుని.
పాత డీజిల్ బండి ఉన్నన్నాళ్ళూ
మలుపు తిరగ్గానే అందరికీ తెలిసిపోయేది
ఇంగా డ్రెవర్ వస్తోందని.
నేను గడప తొక్కేసరికి
పైపు సొరుగులోకీ, విస్కీ పిండి డబ్బా వెనక్కీ,
పథ్యం ముఖాల్లోకీ చేరిపోయేవి.
ఇప్పుడు కుక్క కూడా మొరగదు.
తొంభైకి ఒకటి తక్కువున్న థోర్‌ఫిన్ స్క్లేటర్
గుప్పున పొగ వదులుతూ దొరికిపోయి
"ఇది కారు కాదమ్మా, పిల్లి" అన్నాడు.

కష్టాలు లేవనను.
ఉప్పుగాలికి ఛార్జింగు మూత తుప్పు పట్టి
చాకుతో పీకాల్సొస్తుంది.
వైరు వంటింటి కిటికీలోంచి పోతుంది గనక
ఆ కిటికీ ఏడాది పొడుగునా పూర్తిగా మూసుకోదు,
సందులో పాత మేజోడు కుక్కాను.
దీన్ని విప్పి చూడగలవాడు ఎర్లెండ్ ఒక్కడే,
ఉండేది కిర్క్‌వాల్‌లో;
వాడు రావాలంటే పడవ రావాలి,
పడవ రావాలంటే అల ఒప్పుకోవాలి.
పెట్రోలు వచ్చేదీ ఆ పడవ మీదే కదా,
కిందటి జనవరిలో తొమ్మిది రోజులు రాలేదు.
ఆ తొమ్మిది రోజులూ
మందులూ, రొట్టెలూ, పాదిరిగారూ
నా వెనక సీట్లోనే.

గుట్ట మీద దీవివాళ్ళం చందాలేసి కొన్న గాలిమర ఉంది.
గాలి బాగా వీచిన రాత్రే దాన్ని ఆపేస్తారు,
అవతలికి పోయే తీగ నిండిపోయిందట.
అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.
ఆగిన రెక్కల కింద నుంచి వెళ్తూ
గుక్కెడు నాకు పొయ్యొచ్చుగా అంటాను.
వచ్చే ఏడాది కుదురుతుందంటున్నారు.
పోయినేడాదీ అదే అన్నారు.

డిసెంబరులో ఒక రాత్రి ఫోను.
ఉత్తరం కొసన రోనా ఫ్లెట్‌కి ముందే నొప్పులు.
తెర మీద పదకొండు మైళ్ళు,
నాకు కావలసింది తొమ్మిది.
హీటర్ ఆపాను. రేడియో ఆపాను.
కోటు మీద కోటు,
అద్దం మీద నా ఊపిరే గడ్డకడుతుంటే
చేతిరుమాలుతో గీకుతూ,
గుట్ట దిగేటప్పుడు బండి తిరిగి రాబట్టుకున్న అరమైలుని
చిల్లరలా లెక్కపెట్టుకుంటూ.
చేరగానే వాళ్ళ కోళ్ళగూటి దీపం ప్లగ్గు పీకి
కారుకి తగిలించి లోపలికి పరిగెత్తాను.
తెల్లారేసరికి
బయట ముప్ఫై మైళ్ళు, లోపల ఒక ఆడపిల్ల.
కోళ్ళు అలిగి ఆ వారం గుడ్లు పెట్టలేదు.

ఎర్లెండ్ మొన్న వచ్చి చూసి
"ఇంకో మూడేళ్ళు" అన్నాడు.
ఆ మాట చెప్పడం నాకలవాటు,
వినడం అలవాటు లేదు.
అప్పటికి కొత్త బ్యాటరీలు చలికి వణకవట,
టీ కాచుకునేలోపు నిండుతాయట,
ధర దిగుతుందట.
దిగనీ.
స్క్లేటర్ మాత్రం ఇప్పుడే బేరం పెట్టాడు:
బండి ఆగిన రోజు బ్యాటరీ తనకేనట,
గొర్రెల కొట్టంలో పెట్టి
వృథాగా పోయే గాలిని అందులో దాచి
ఏప్రిల్ చలిలో పుట్టే పిల్లలకి వెచ్చని దీపం వేస్తాడట.
"అప్పటికి నీకు తొంభై రెండు" అన్నాను.
"నాకెన్ని గీతలున్నాయో నువ్వే చూసి చెప్పు"
అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

కట్టు చుట్టి గాలి కొట్టాను.
కుర్చీ కింద పైపు ఇంకా పొగలు కక్కుతోంది.