అడుగు కలపని మేళం

సినిమావాళ్ళు కంటోన్మెంటులో గుడారాలేసుకుని
మాకు కబురంపారు.
గురువులు మాస్టారి బ్యాండులో మిగిలింది ముగ్గురం.
క్లారినెట్టు సూరప్పడికి పళ్ళు లేవు,
సైడుడ్రమ్ము పోలినాయుడికి చూపు లేదు,
బాసుడ్రమ్ము మోసిన నా ఎడం భుజం
కుడిదానికంటే అంగుళం కిందికుంటుంది.

బరంపురం దాకా
ఆయన ఖాళీ చూసుకుని ముహూర్తాలు పెట్టించుకునేవారని
డైరెక్టరుకి ఎవరు చెప్పారో గానీ, అది నిజమే.
మిగతావి ఎవరు చెప్పారో తెలీదు.

ఎర్రకోట్లిచ్చారు, టోపీకి ఈక.
మాకు ఈకలెక్కడివి?
మూడులాంతర్ల దగ్గర మదీనా సాయిబు
పాత కర్టెన్లు కోసి కుట్టిన కోట్లు మావి,
ఊదినప్పుడల్లా చంకలో పిగిలేవి.
హీరో కుర్రాడు మంచివాడు, వంగి దండం పెట్టాడు.
కార్నెట్టు ఎత్తి బుగ్గలు బూరెల్లా పొంగించాడు.
మాస్టారికి బుగ్గలు కదిలేవి కావు,
మెడమీద నరమొకటి లేచి నిలబడేది, అంతే.

కథలో ఆయనకో నర్సుంది, ఆవిడకో వాన.
చింతపండు పెట్టి కార్నెట్టు తోమే సన్యాసమ్మ
కథలో లేదు.

జీడితోటలో పొగ పెట్టి బర్మా అన్నారు.
గుట్టమీద హీరో ఊదుతుంటే
అవతలి సైన్యం తుపాకులు దించి కన్నీళ్ళు తుడుచుకుంది.
పోలినాయుడు నా చెవిలో అడిగాడు,
"ఇప్పుడేటవుతోందిరా?"
"జపానోళ్ళు ఏడుస్తున్నారు" అన్నాను.
"ఎందుకూ?" అన్నాడు.

గజపతినగరంలో పెళ్ళి వాయించి
తొలిబస్సు కోసం కూర్చున్న ఓ తెల్లారగట్ట
మాస్టారు కార్నెట్టు పెట్టెలోంచి లడ్డూ తీసి
సగం నాకిచ్చి చెప్పిందొకటుంది.

"యుద్ధంలో బాజాలు పెట్టెలో ఎట్టి తాళమేసీసినార్రా.
బేండోళ్ళ సేతికి స్ట్రెచర్లిచ్చీసినారు.
నలుగురం మోసీవోళ్ళం. అడుగు కలిసిందా, మంచం ఊగీది.
ఊగిందా, మీదున్నోడు అమ్మా అనీవోడు, వాడి బాసలో.
అందుకని ఒకడి కుడికాలికి ఇంకొకడి ఎడంకాలు.
అడుగు కలపడం మరిసిపోమన్నారు. మరిసిపోనాను.
మళ్ళీ నేర్సుకుందారంటే కాళ్ళు ఒప్పలేదు."

లడ్డూలో జీడిపప్పు ఏరి నాకే పెట్టేశాడు.

మా మేళం నడుస్తుంటే పెళ్ళివారు నవ్వేవారు,
తాగొచ్చారని ఒకడు, పల్లెటూరి మేళమని ఒకడు.
ఆయన వెనక్కి తిరిగేవాడు కాదు.
"తాళం సేతుల్లో ఉంటే సాలు,
కాళ్ళ జోలికెళ్ళకు" అనేవాడు నాతో.
పద్దెనిమిదేళ్ళు వెళ్ళలేదు.

"అడుగు కలపండి!" మైకులో కేక.
కలిపాం. కలవలేదు.
పదకొండుసార్లు తీసి, మాకు టీలిచ్చి,
కుర్చీల్లో కూర్చోబెట్టి
మా కోట్లు కుర్రాళ్ళకి తొడిగారు.
చంకల్లో సరిగ్గా సరిపోయాయి.

హాల్లో మనవరాలు "తాతా, నువ్వేదీ?" అంటూనే ఉంది.
తెర ఎడమ అంచున నా డ్రమ్ము
నెలవంకంత కనపడి పోయింది.
ముప్పైమంది ఒకే కాలుతో నడుస్తున్నట్టుంటే
జనం ఈలలేశారు. నేనూ చప్పట్లు కొట్టాను,
బాగుంది మరి.
ఆఖర్న హీరో
పెదాలమీద కార్నెట్టుతోనే ఒరిగిపోయాడు.

మాస్టారు పోయింది పెద్దాసుపత్రి వరండాలో,
పెదాలమీద గంజి.
పాడె మేమే పట్టాం. ముందు సూరప్పడు, నేను,
వెనక పోలినాయుడు, ఆయన అల్లుడు.
ముసురు. రోడ్డంతా గుంటలు.
అల్లుడొక్కడు అడుగు కలపబోయి
సూరప్పడి చేత బూతులు తిన్నాడు.
ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.
ఒకడి కుడికి ఇంకొకడి ఎడమ పడుతూ పోయింది.
ఛాతీమీద పెట్టిన కార్నెట్టు
శ్మశానం దాకా దొర్లలేదు.