నిమ్మకాయల ఖర్చు

మంగళారం మీటింగుల
ముందుగాల అడిగింది బాలనర్సవ్వనే:
"సంఘం పుస్తకం రాసేదానివి నువ్వు,
పది రూపాలు తక్కువైతే
పొద్దుగూకేదాక నిలదీసేదానివి నువ్వు.
ఆరు లచ్చల కారు షోరూముల కొన్నవట గదనే.
ఇది పొదుపు సంఘమా, సోకు సంఘమా?"

పదకొండు మంది నవ్విన్రు.
నేనూ నవ్విన.
నవ్వుకు ఖర్చు లేదు గద.

చెప్త, వినుండ్రి.
ఐదేండ్ల కింద కరీంనగర్ల
లచ్చా పదివేలకు పాత కారు తెచ్చిండు మా సారంగపాణి.
అగ్గువకు దొరికిందని
పోచమ్మ మైదాన్ దాకా చెప్పుకుంట తిరిగిండు.
మూన్నెల్లకు క్లచ్ ప్లేటు.
ఎండకాలం రేడియేటరు.
వానకాలం వైపరు, ఎనుక దాని మోటరు.
గోచి కొరికే ఎలుకకు పిల్లిని,
పిల్లికి పాలని ఆవును,
ఆవును కాయ మనిషిని తెచ్చుకున్న సన్నాసి లెక్క
మాకు కారుకో మెకానిక్కు,
మెకానిక్కుకో చాయ్,
ఆయన బిడ్డ పెండ్లికి వెయ్యినూటపదార్ల చదివింపు.

అన్నీ రాసిన.
ఎర్రట్ట నోటుబుక్కు, డెబ్బై రెండో పేజీ కాడ
కూడితే రెండు లచ్చల నలభై వేలు.
అగ్గువ అంత పిరమని
అప్పటిదాక నాకు ఎరుక లేదు.

రాయనిది ఇంకొకటున్నది.
జంగాలపల్లి దాటినంక, రాత్రి, వాన,
లోపట పన్నెండు దర్రీలు, మీద కట్టినయి ఆరు,
బండి ఆగింది.
తడిసిన దర్రీ మనిషంత బరువుంటది.
పొద్దుగాలకు ఆర్డరు పోయింది.
పోయిన ఆర్డరును ఏ గడిల రాయాలె?

మా కొత్తవాడల నా మగ్గం మీది దర్రీ పిరమే.
"ప్లాస్టిక్ చాప నూటయాభైకొస్తది గదమ్మా" అంటది గిరాకి.
"ఏడాదికో చాప కొను,
ఇరవై ఏండ్లకు లెక్క కట్టి మళ్ల రా" అంట నేను.
దర్రీల కంటె ఎక్కువ
ఆ మాటనే అమ్ముకున్న ఇన్నేండ్లు.
ఓ దినం నా సరుకు
నేనే కొందామనిపించింది.

బాలనర్సవ్వ ఊకుంటదా!
"దర్రీ నీ గడప దాటితే సగం రేటు పడదు గదా.
కారు గేటు దాటంగనే పాతదాయె.
మరి మిత్తి?"

మిత్తి కూడ రాసిన.
నెలకు పదకొండు వేల రెండు వందల కిస్తీ, అదీ రాసిన.
గేటు దాటంగనే పోయిన పైసలకు
నా బుక్కుల జవాబు లేదు.
కొత్త కారు పొదుపని నేనంటలేను నర్సవ్వా.
పదిహేనేండ్లు తోలితే పొదుపు.
మూడేండ్లకు మనసు మారితే సోకు.
అప్పటికి నాకు అరవై రెండు. అప్పుడడుగు.

"అప్పటికి నేనుంటనా" అన్నది.
ఈసారి ఎవ్వలు నవ్వలే.
సంతకాలు పెట్టి లేచిపోయిన్రు.

వాళ్లకు చెప్పనిది మీకు చెప్త.
షోరూముల ఆ పోరడు తలుపేసి సూపిచ్చిండు.
మెత్తగ, టప్పున, అంతే.
మగ్గం సప్పుట్ల ముప్పై ఏండ్లు మునిగిన చెవులు నావి.
ఆ తలుపు ఎనుక అంత ఊకుడు.
దాని రేటెంతని నేను అడగలే.
లెక్కలు గా తర్వాత కుదిరినయి.

భద్రకాళి గుడి కాడ బండి పూజ.
నాలుగు టైర్లకు నాలుగు నిమ్మకాయలు, ఇరవై రూపాలు.
పంతులు హారతి దిక్కు తిరిగినప్పుడు
ఎనుక టైర్లయి రెండు మెల్లగ తీసి
కొంగున ముడేసుకున్న.
ముందటియి రెండే చితికినయి.
అమ్మవారు ఏమనలే.
రాత్రి పప్పుల పిండిన.
"ఇయ్యాల పప్పు మంచిగుంది" అన్నడు సారంగపాణి.

కొత్త నోటుబుక్కు తీసి
మొదటి పేజీల, మొదటి గీత మీద రాసిన:
కారుకు నిమ్మకాయలు, పది రూపాలు.