నాలుగింటికి

వ్యాను నాది.
గోడకి గుద్దింది పిరిపి, పద్నాలుగేళ్ళవాడు.

గిస్బోర్న్‌లో, వాళ్ళ తెగ మందిరం మరాయెలో,
చెప్పులు విప్పి చాపల మీద కూర్చున్నాం అందరం.
పోలీసాయన సాక్సుకి చిల్లు.
వాళ్ళ నానమ్మ నా పేరు రెండుసార్లడిగింది,
మర్చిపోకూడదని.

తాళం గది వద్దు.
తెల్లారి నాలుగింటికి నా బేకరీలో పిండి పిసకాలి.
అదీ తీర్పు.

పదకొండు రోజులు వచ్చాడు.
పన్నెండో రోజు లేడు.

ఫోను చేతిలో, నంబరు గోడ మీద.
చేయలేదు.
పిండి పొంగి, గిన్నె దాటి,
కూలబడింది.

ఐదున్నరకి తలుపు దగ్గర తడిసిన సైకిలు.
చైను తెగిందట. నిజమో కాదో,
మోచేతుల దాకా గ్రీజు.

"కడుక్కో" అన్నాను.

ఆ రోజు రొట్టెలు పుల్లగా దిగాయి.
ఏమిటీ పులుపని అడిగినవాళ్ళకి
మావాడి చేతివాటం అన్నాను.