పదిహేడో ప్రశ్న

కుక్కలంటే భయమా?
ఫారంలో పదిహేడో ప్రశ్న అది.
అవును, కాదు, రెండు గళ్ళు.
కాదు అన్న గడిలో టిక్కు పెట్టాను.
పదహారేళ్ళలో ఇంత చిన్న గుర్తుతో
ఇంత పెద్ద అబద్ధం ఎప్పుడూ ఆడలేదు.

మూడోవారం జవాబొచ్చింది.
ఫిన్లాండ్‌లో ఏదో ఊరు,
దాని పేరు పలకబోయి నాన్న పుక్కిలించినట్టు చేశాడు.
ఆ ఇంటావిడ పిర్కో ఫోటో పంపింది:
మంచు, చెక్కమెట్లు, ఇద్దరు పిల్లలు,
పిల్లలకంటే ఎత్తుగా ఒక కుక్క.
"వీడు ఉర్హో. నీ మంచం పక్కనే పడుకుంటాడు."

పెరంబూరులో మా సందుకి మూడు కుక్కలు.
రెండింటికి నేనంటే లెక్కేలేదు.
మూడోది చెవి తెగింది, నీళ్ళలారీ కింద ఉంటుంది.
ఏడేళ్ళప్పుడు నా పిక్క పట్టుకున్నదానికి
మనవడో మునిమనవడో.
బొడ్డు చుట్టూ సూదులని అందరూ బెదిరించారు,
తీరా చూస్తే చేతికే వేశారు.
అయినా నాకు నొప్పి బొడ్డు దగ్గరే గుర్తు.

అందుకని జూన్ నుంచీ
సాయంత్రం ఆరింటికి బిస్కెట్ ప్యాకెట్‌తో
లారీ దగ్గరికి పోతున్నా.
మొదటివారం విసిరేసి పరిగెత్తాను.
రెండోవారం విసిరేసి నడిచాను.
ఎదురింటి సెల్వి అక్క బిందె దించి
"ఎన్నడీ, ఫారిన్ పోయేదానికి ఇదా ట్రైనింగు?" అంది.

అమ్మ చదివే పరీక్ష వేరు.
చింతకాయ తొక్కు ఎన్ని కవర్లు చుడితే కారదు,
కందిపొడి చూసి విమానంవాళ్ళు మందుగుండంటారా.
జులై ఎండలో ఉన్నికోటు కొనబోతే
షాపతను ఫ్యాను మా వైపు తిప్పి మరీ చూపించాడు.
తొడిగితే అద్దంలో నేను లేను,
చెమటలు కక్కుతున్న ఎవరో చుట్టం.

పెట్టె ఇరవైమూడు కిలోలు దాటకూడదు.
ఇంట్లో తూకం లేదు.
నాన్నా నేనూ చెరోవైపు పట్టుకుని
పాత పేపర్ల కొట్టుకి మోశాం.
నా పదోక్లాసు పుస్తకాలు కిలో పన్నెండుకి పోయిన కాటా.
పాండియన్ అన్న రాళ్ళు వేసి, తీసి,
ఇరవైఆరున్నర అన్నాడు.
అలవాటుగా రేటు కట్టబోయి నాలిక కరుచుకున్నాడు.
అక్కడే, చిత్తుకాగితాల మధ్య, పెట్టె విప్పాం.
నాన్న తొక్కు ముట్టుకోలేదు. పొడి ముట్టుకోలేదు.
రెండు పుస్తకాలు, ఒక జత బూట్లు,
చివరికి తను కొని పెట్టిన టార్చిలైటు తీశాడు.
"అక్కడ కరెంటు పోదంటలే."
ముప్పై ఏళ్ళుగా కోచ్ ఫ్యాక్టరీలో
రైలుపెట్టెలకి వైర్లు లాగిన మనిషి
ఈ పెట్టె మూత పడక దాని మీద కూర్చున్నాడు,
చాలాసేపు లేవలేదు.

తమ్ముడు లోకేశు నా గది కొలుస్తున్నాడు.
గది అంటే బీరువాకీ కిటికీకీ నడుమ నా చాప జాగా.
స్కేలు జరుపుతూ, పది నెలలే కదా అని రెండుసార్లడిగాడు.
ఏ జవాబు కావాలో వాడికీ తెలిసినట్టు లేదు.

మొన్న సాయంత్రం
బిస్కెట్ అరచేతిలో పెట్టుకుని కింద కూర్చున్నా.
చెవి తెగింది వచ్చింది.
ముందు చెప్పు వాసన చూసింది.
తర్వాత పిక్క, తీరిగ్గా,
వాళ్ళ తాత అక్కడ రాసిపోయింది చదువుతున్నట్టు.
ఆ తర్వాతే గరుకు నాలిక, తడి.
బొడ్డు దగ్గర ఏదో వదులైంది.

రాత్రి పిర్కోకి రాశాను:
పదిహేడో ప్రశ్నకి అబద్ధం చెప్పాను.
ఇప్పుడది సగం నిజం,
మిగతా సగం ఉర్హో చూసుకోవాలి.
తెల్లారేసరికి జవాబు:
"మా ఫారంలోనూ ఒకటుంది, కారం తింటారా అని.
అవును అని టిక్కు పెట్టాం."

రేపు రాత్రి పదకొండుకి మీనంబాకం.
ఇప్పుడు ఆరైంది. ప్యాకెట్లో రెండే ఉన్నాయి.
లారీ కింద అది అప్పుడే లేచి నిలబడింది.
గుమ్మంలో లోకేశు చెప్పులేసుకుని ఉన్నాడు.
"ఎట్లా పెట్టాలో చూపించు" అంటాడు,
రెండు చేతులూ వీపు వెనక దాచుకుని.