వీపు కొలత

భీమవరం షోరూములో తెల్లటి తొట్టి చూశాం.
ధర విన్నాక చెప్పులేసుకుని బయటికొచ్చేశాం.
"అది ఎవరి నడుం చూసి పోశారో గానీ
నాది చూసి కాదులే" అంది సలోమి, బస్సులో.

పదకొండేళ్ళు రొయ్యల షెడ్డులో
ఐసు నీళ్ళ మధ్య నిలబడి తలలు తుంచిన మనిషి.
వాన సంగతి మబ్బుకన్నా ముందు
ఆమె మోకాళ్ళకి తెలుస్తుంది.
మెడదాకా వేడినీళ్ళలో కూర్చోబెట్టమన్నాడు డాక్టరు,
మాత్ర రాసినంత తేలిగ్గా.

మా ఉండి చుట్టుపక్కల
నీళ్ళని లోపలికి రానివ్వకపోవడమే మేస్త్రి పని.
నడుంలోతు తవ్వితే ఊట.
ఏ ఇంట చూసినా గోడకి మోకాలెత్తు చెమ్మ.
ముప్పై ఏళ్ళు ఊరందరి ఇళ్ళలోంచి నీళ్ళని గెంటినవాణ్ణి,
ఇప్పుడు నా ఇంట్లో
కాసేపు ఉండమని వాటినే బతిమాలాలి.

గోడకి ఆనుకుని కూర్చోమన్నాను.
సుద్దముక్కతో వీపు వెంట గీశాను.
యాభై రెండేళ్ళ మనిషి, చక్కిలిగింతలని మెలికలు తిరిగింది.
లేచాక గీత మిగిలింది.
నేను తిన్నగా ఉంటుందనుకున్న వీపు
భుజాల దగ్గర ముందుకి వాలి
నడుం దగ్గర ఏదో మింగినట్టు లోపలికి పోయింది.
ఏ మట్టానికీ, ఏ తూకపు గుండుకీ అందని గీత.
ఇన్నేళ్ళూ పక్కనే పడుకున్నాను.

దాని ప్రకారమే ఇటుక పేర్చాను.

వంపుకి నిండు టైలు లొంగదు, పగలగొట్టాలి.
పెరట్లో గోనెసంచుల్లో ఉన్నాయి,
పని చేసిన ప్రతి ఇంటా అడిగి తెచ్చుకున్న ముక్కలు.
ఆకివీడు పంతులమ్మగారి వంటగది నీలం వీపుకి పెట్టాను.
కాళ్ళ దగ్గర కల్యాణమండపం గరుకు రాయి, జారదని.
పెళ్ళి తప్పిపోయినా గది పూర్తి చేయించిన కుర్రాడి గులాబీ
చేతులు ఆనించుకునే చోట.
డబ్బులెగ్గొట్టిన రైసుమిల్లాయన ఆకుపచ్చ ఉందే,
అది సరిగ్గా సలోమి కూర్చునే చోట అతికించాను.
ఎందుకో చెబితే
పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

వాలు ఎంతుండాలో మేనల్లుడు గిడియోను
ఫోనులో చూసి చెప్పబోయాడు.
ఒరే, ఈ డెల్టాలో నీళ్ళు
వాలన్నది లేకుండానే సముద్రం దాకా పోతాయి,
వాటికి నువ్వూ నేనూ చెప్పేదేంట్రా, అన్నాను.
పెద్ద మాటే అన్నాను.

రాత్రి నిండా పోసి పెన్సిలుతో గుర్తు పెట్టాను.
తెల్లారేసరికి వేలెడు తగ్గింది.

గిడియోను నా మొహం చూడలేదు.
ఎవరితోనూ అనకురా, అన్నాను.

సలోమి డబ్బాలోంచి చిటికెడు పసుపు తెచ్చింది.
నీళ్ళు పూర్తిగా నిలిచేదాకా ఆగి, వదిలి,
ఊపిరి బిగబట్టి వంగింది.
రొయ్య వీపులో నల్లనరం వెతికిన కళ్ళవి.
పసుపు చాలాసేపు ఎటూ పోలేదు.
తర్వాత పలచగా, దారమంత సాగి,
నీలానికీ గులాబీకీ నడుమ సందులోకి
తల దూర్చింది.
"ఇదిగో" అని వేలు పెట్టింది.

అక్కడంతా పగలగొట్టి మళ్ళీ అతికించాను.
ఈసారి మూడు రోజులున్నాయి నీళ్ళు,
గీత దగ్గరే, చెప్పిన మాట విన్నట్టు.

ఆదివారం ప్రార్థన అయ్యాక
కాగులతో వేడినీళ్ళు మోసి పోశాను.
తలుపు బయట నిలబడ్డాను.
నీళ్ళు పైకి లేచిన చప్పుడు,
తర్వాత ఏ చప్పుడూ లేదు.
భయమేసి పిలిచాను.

"వీపు అతికినట్టుంది" అంది.
కాసేపయ్యాక, "ఈ గులాబీ ముక్క అంచు గీసుకుంటోంది."

ఆకురాయి తీసుకుని తలుపు తట్టాను.
"ఇప్పుడొద్దు" అంది లోపలినుంచి,
ఎప్పుడూ వినని నిమ్మళపు గొంతుతో,
"చల్లారనీ."