ఎనభై ఏడో పక్కటెముక

సెతూబల్ యార్డులో నీళ్లు తోడేసిన డాక్.
ఇరవై రెండేళ్ల కంటైనర్ ఓడ దిమ్మల మీద కూర్చుంది.
పొట్టకంటిన గుల్లలు ఎండకి చిటచిటలాడుతున్నాయి.
సముద్రం మీద ఎంత ఠీవి!
ఇక్కడ, ఆసుపత్రి గౌను తొడిగిన పెద్దమనిషిలా
ఎటు చూడాలో తెలియడం లేదు దానికి.

సుత్తి, సుద్దముక్క, నుదుటి మీద దీపం.
మోకాళ్ల మీద లోపలికి దూరతాను.
నా ఉద్యోగం సంగతి విని మా అమ్మ నవ్వేది:
"ఇనుముకి నాడి చూస్తావుటే, లియొనిల్డ్?"
చూస్తాను.
తడితే ఖంగుమందా, ఫరవాలేదు.
మొద్దుగా పలికిందా,
తుప్పు లోపల కాపురం పెట్టేసినట్టే.

అల నడుం కింద లేచినప్పుడు
కొసలు రెండూ వేలాడతాయి:
పైన డెక్కు సాగుతుంది, అడుగు నలుగుతుంది.
నాలుగు క్షణాలు గడిచేసరికి
అలలు కొసల కిందికి జారుకుంటాయి.
నడుం గుంటలోకి దిగుతుంది.
ఇప్పుడు సాగడం అడుగు వంతు.
ఇప్పుడే కావడిబద్ద, ఇంతలోనే నులకమంచం.
రోజుకి పదివేలసార్లు.
ఇరవై రెండేళ్లకి ఎనిమిది కోట్ల చిల్లర.
రేవుల్లో నిద్రపోయిన రోజులు తీసేస్తే, పోనీ, ఆరు.

వెల్డరు అడెరీటూది మిందేలూ.
ఫ్లాస్కు మూత తిప్పుతూ అన్నాడు:
"దీని అక్కలాంటి ఓడలో నాలుగేళ్లు చేశాను.
జనవరి. బిస్కే అఖాతం.
డెక్కు కింద పొడుగాటి నడవా.
ఈ చివర నేను, ఆ చివర ఒక బల్బు.
బల్బు మునిగింది. తేలింది. మళ్లీ మునిగింది.
కరెంటు పోతోందేమో అనుకున్నా.
కాదు,
దారే వంగుతోంది."

భయం వేసిందా?

"వంగినందుకు కాదు.
ఒకసారి ముక్కు పైకి లేచి నీళ్లని చరిచింది.
చరిచాక కూడా చాలాసేపు
ఒళ్లంతా వణుకుతూనే ఉంది.
వంటవాడు మాత్రం ఉల్లిపాయలు తరుగుతున్నాడు."

ఆ వణుకుకి నా పట్టికల్లో ఒక గుణకం ఉంది.
ఉల్లిపాయలకి లేదు.

మూడోనాడు, ఎనభై ఏడో పక్కటెముక పైన,
హాచ్ మూల దగ్గర,
రంగు కింద వెంట్రుకలాంటిదేదో.
ఎర్ర ద్రవం పూసి, తుడిచి, తెల్లపొడి చల్లితే
నెమ్మదిగా, సిగ్గుపడుతూ, ఒక గీత పైకొచ్చింది.
నలభై మూడు మిల్లీమీటర్లు.
నా చూపుడువేలిలో రెండు కణుపులు.

పగులుకి పొడుగు కాదు, మొన బలం.
డెక్కుని లాగే లాగుడంతా ఆ మొన చుట్టే మూగుతుంది,
తేరు కదిలే వేళ ఇరుకు సందులో జనంలా.
మందు చెబితే కొత్తవాళ్లు నమ్మరు:
పగులు ఆగాలంటే
దాని చివర ఇంకో తూటు పొడవాలి. గుండ్రంగా.
మొన పోయిన పగులుకి
ముందుకు పోవడానికి పట్టు దొరకదు.
కొన్నాళ్లపాటు.

కంపెనీ మనిషి స్టావ్రినీడిస్
చెవి దగ్గర ఫోను తియ్యకుండానే:
"శనివారం పోటుకి బయల్దేరాలి. తూటు చాలదా?"
ప్లేటు మార్చాలి, అన్నాను.
"తూటుతో రొటర్‌డామ్ దాకా పోలేదా?"
"బిస్కే మీదుగానా?"
అడిగింది నేను కాదు, అడెరీటూ.
మాస్కు పైకెత్తి, మర్యాదగానే.
స్టావ్రినీడిస్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.
ఓడలు నడిపే ఇంటివాడు, ఆ అఖాతం అతనికీ తెలుసు.

సుద్దతో గీసిచ్చాను.
మూలలు గుండ్రంగా కొయ్యి, అని చెప్పబోయాను.
అప్పటికే గుండ్రంగా కోస్తున్నాడు.
నిప్పురవ్వలు జారి అడుగున నీటిమడుగులో
ఒక్కొక్కటే సుయ్యిమంటున్నాయి.
తెగిన ముక్క ఊడిపడితే చేత్తో తియ్యబోయి
వేళ్లు కాల్చుకున్నాను, ఇన్నేళ్ల అనుభవంతో.

పొద్దుగూకింది. సాదూ నది మీంచి చలిగాలి.
సామాను సర్దుకుని నడవాలోంచి వస్తున్నాం.
రోజంతా కాగిన రేకులు చల్లబడుతూ
ఎక్కడో, పైన, ఓడ టప్పుమంది.
అడెరీటూ ఆగిపోయాడు.
దిమ్మల మీద ఉన్నామనీ, కింద నీటిచుక్క లేదనీ
ఇద్దరికీ తెలుసు.
అయినా నడవా ఆ చివర బల్బు వైపు
కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాం.