పదివేల కుంచెలు

గోడ గడియారం ఆయన వీపు వెనక ఉంది.
లారీ కాటా ఎక్కినప్పుడల్లా
పైడితల్లి గారు మెడ తిప్పాలి,
టైము చూడాలి, చీటీ మీద వెయ్యాలి.
రాత్రికి నూట ఎనభై లారీలు,
పోర్టు బొగ్గంతా ఆ మెడ మీదుగానే పోతుంది.
(మగమనిషే. అమ్మవారి పేరు.
కంచరపాలెంలో ఎవరూ రెండోసారి అడగరు.)

కాటా ప్రోగ్రాం తెరంతా పరుచుకుంటుంది,
మూలనున్న చిన్న గడియారాన్నీ మింగేస్తుంది.
"దాని మీద తేలేది ఒకటి సెయ్యమ్మా.
కనపడాల. అడ్డం రాకూడదు.
మా సూపర్‌వైజర్ని అడిగేసేన్లే."
మెట్ల మీద, ఒక చేత్తో పాల ప్యాకెట్టు పట్టుకుని.
అప్పటికి నా ఉద్యోగం పోయి నలభై రోజులు.
ఇంట్లో ఎవరికీ చెప్పలేదు,
రోజూ తొమ్మిదికి కంప్యూటర్ ముందు కూర్చుంటూనే ఉన్నాను.
సరే అన్నాను.

ఎంత పారదర్శకం?
తెల్ల అంకెలు తెల్ల గళ్ళలో కరిగిపోయాయి.
నల్లవి, కాటా ఆకుపచ్చ మీద చీమల్లా ఉన్నాయి.
మా కిటికీ మీద ఎప్పుడూ ఎర్రదుమ్ము,
ఖనిజం గుట్టల నుంచి గాలి మోసుకొచ్చేది.
వేలితో కొంచెం తుడిచాను,
అవతల రైలు పెట్టెలు కనబడ్డాయి.
ఇంకొంచెం తుడిస్తే అద్దమే లేనట్టుంది.
ఆ రెంటి మధ్య ఎక్కడో ఆగి
నలభై రెండు శాతం అని రాసుకున్నాను.

మొదటి రాత్రి ఫోను:
"టన్నుల గడి మీదే కూకుందమ్మా.
జరుపుదామంటే సేతికి దొరకదు,
నొక్కితే కిందోడికి తగులుతంది."
తప్పు నాదే. అడ్డం రాకూడదన్నాడని
ముట్టుకోడానికి వీల్లేకుండా చేశాను.
కంట్రోల్ మీట పట్టుకుంటే దొరికేలా మార్చాను.

రెండో రాత్రి: "నల్లబడిపోనాది."
మూడో రాత్రీ అంతే.
నా దగ్గర మాత్రం బంగారంలా నడుస్తోంది.
మీ కంప్యూటరే పాతదేమో అన్నాను,
అన్నాక సిగ్గేసింది.
ఆయనేం అనలేదు. పొద్దున్నే
చీటీ వెనక పెన్సిల్‌తో రాసి తెచ్చిచ్చాడు:
పదికి పెట్టేను. 12.46 నలుపు.
మళ్ళీ పెట్టేను. 3.32 నలుపు.
మళ్ళీ పెట్టేను. డూటీ దిగేను.

రెండు గంటల నలభై ఆరు నిమిషాలు.
నా దగ్గర నల్లబడకపోవడం కాదు,
నేనెప్పుడూ దాన్ని అంతసేపు బతకనివ్వలేదు.
ఓ రంగు మార్చి ఆపేదాన్ని, ఓ అంచు సవరించి ఆపేదాన్ని.
ఆ రాత్రి ముట్టుకోకుండా కూర్చున్నాను.
ఎక్కడో ఓడ కూత వేసింది,
కుక్కలు జవాబిచ్చి ఊరుకున్నాయి.
సెకనుకో సంఖ్య పెరుగుతోంది, అంకెల కింద, కనిపించని చోట.
అంకె గీయడానికి సెకనుకో కుంచె తీస్తున్నాను,
గీసి, ఎక్కడిదక్కడ పడేస్తున్నాను.
యంత్రం ఒక్కొక్కరికి పదివేల దాకా ఓపిక పడుతుంది.
తర్వాత ఇవ్వదు.
నా తెర మీద కూడా నలుపు,
అరచేతి వెడల్పున.

చివరికి ఒక్క లైను:
తీసిన కుంచె తిరిగి పెట్టు.
రాయడానికి పది సెకన్లు కూడా పట్టలేదు.

ఆ రాత్రి పన్నెండూ నలభై ఆరుకి ఫోను రాలేదు.
మూడూ ముప్పై రెండుకి రాలేదు.
రాకపోవడాన్ని వింటూ పడుకున్నాను.

పొద్దున్న మెట్ల మీద కూలబడ్డాడు,
చొక్కా కాలరు నిండా బొగ్గు.
"ఉందమ్మా, రాత్రంతా ఉంది.
మెడే ఇంకా ఎనక్కి తిరుగుతంది, అలవాటు.
తిరిగినప్పుడు సూత్తే ఏటి,
గోడదానికీ నీదానికీ ఆరు నిమిషాలు తేడా.
నీదే రైటు. ఫోన్లో సూసేను."

పదకొండేళ్ళ చీటీలు, నేనేం అనాలో తెలియక
కుంచెల సంగతి చెప్పబోయాను.
ఆయన అప్పటికే లేచాడు, నవ్వుతున్నాడు:
"ఏ లారీవోడూ అడగనేదులే."